వరిమడి మట్టి నమూనాలతో ఫైలోసీక్: ఏళ్ళ తరబడి వాడాక

మెటాజీనోమ్ డేటాని (ఒక నమూనాలోని సూక్ష్మజీవులన్నిటి డీఎన్‌ఏ సమాచారాన్ని) ఒక్కచోట సర్ది పెట్టుకోడానికి ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో ఫైలోసీక్ ప్యాకేజీని మించింది నాకింకా దొరకలేదు. బొమ్మ గీయడానికి మాత్రం దాని సొంత ఫంక్షన్లని వాడటం మానేసి చాలా కాలమైంది.

దీన్ని రాసిన మెక్‌మర్డీ, హోమ్స్ 2013లో ప్లాస్ వన్ పత్రికలో పేపర్ వేశారు. ఎక్కువమంది 16ఎస్ డేటాకే (బ్యాక్టీరియాని గుర్తుపట్టే ఒక్క జీన్‌ని చదివింది) వాడతారు గానీ, డీఎన్‌ఏ అంతటినీ చదివే షాట్‌గన్ డేటాకీ బాగానే పనికొస్తుంది. నా పని వరిమళ్ళ మట్టి మీద. క్రాకెన్2 అనే ప్రోగ్రామ్ రీడ్లని (చదివిన డీఎన్‌ఏ ముక్కల్ని) ఏ జీవివో వర్గీకరిస్తుంది, బ్రాకెన్ ఆ లెక్కల్ని కావలసిన స్థాయికి సర్దుతుంది, క్రాకెన్-బయోమ్ అన్నిటినీ ఒక ఫైల్‌లోకి చేరుస్తుంది. ఫైలోసీక్ ఆ ఫైల్ తెరిచాక ర్యాంకుల (వర్గీకరణ స్థాయిల) పేర్లు ర్యాంక్1, ర్యాంక్2 అని కనిపిస్తాయి. ఫైలమ్ (పై స్థాయి విభాగం), జీనస్ (ప్రజాతి) అని మనమే మార్చుకోవాలి. చిరాకే, కానీ ఆ తర్వాత హాయి. ఒక నమూనా తీసేస్తే లెక్కల్లోంచీ వివరాల పట్టికలోంచీ ఒకేసారి పోతుంది. ఎక్సెల్‌లో వరసలు తారుమారై తల పట్టుకున్నవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక బార్ ప్లాట్. ఫైలోసీక్‌లో దాన్ని గీసే ప్లాట్‌బార్ ఫంక్షన్‌ని జీనస్ రంగులతో నేరుగా పిలిస్తే ప్రతి చిన్న ముక్క చుట్టూ నల్ల గీత వస్తుంది. మట్టిలో జీవులు వేలల్లో ఉంటాయి కాబట్టి బార్ అంతా మసి పూసినట్టే. అందుకని అందరూ ముందు ట్యాక్స్‌గ్లామ్ అనే ఫంక్షన్‌తో జీనస్ స్థాయికి కలుపుతారు. పెద్ద పట్టికైతే అది ఎంతకీ తెమలదు. అదే పనిని వేగంగా చేసే స్పీడీసీక్ ప్యాకేజీ వాడితే కాస్త నయం.

అసలు చిక్కు అక్కడ కాదు. ట్యాక్స్‌గ్లామ్‌లో ఎన్‌ఏఆర్‌ఎం అనే ఆప్షన్ డిఫాల్ట్‌గా ట్రూ. అంటే జీనస్ పేరు ఖాళీగా ఉన్నవన్నీ చప్పుడు కాకుండా పోతాయి. ఒక నమూనాలో 100 రీడ్లకి 40 జీనస్ తెలియనివి అనుకుందాం. 6 రీడ్లున్న అనేరోమిక్సోబ్యాక్టర్ అనే జీనస్ మిగిలిన 60లో 10 శాతంగా తేలుతుంది. బార్ నిండుగా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే: దాన్ని ఫాల్స్ చెయ్యండి, లేదా ముందు శాతాలు తీసి తర్వాత కలపండి. మొదటి దారిలో తెలియనివి బార్‌లోనే ఉంటాయి, రెండో దారిలో బార్ 100కి తగ్గి కనిపిస్తుంది; ఎలాగైనా తెలియనిది ఎంతో కళ్ళకి కడుతుంది.

నమూనాల్ని గ్రూపులుగా కలిపే మెర్జ్‌శాంపుల్స్ ఫంక్షన్ కూడా అలాంటిదే. గ్రూపు సగటు ఇస్తుందనుకుంటాం, అది లెక్కల్ని కూడేస్తుంది. పైగా ట్రీట్‌మెంట్ పేర్ల చోట అంకెలు మిగులుతాయి.

ఇప్పుడు బొమ్మలన్నీ మైక్రోవిజ్ అనే మరో ప్యాకేజీతో గీస్తున్నా. అదీ ఫైలోసీక్ ఆబ్జెక్ట్‌నే తీసుకుంటుంది. ఖాళీ పేర్లని పై ర్యాంకు పేరుతో నింపుతుంది, ముఖ్యమైన వాటికి రంగులిచ్చి తక్కినవన్నీ 'ఇతరాలు'లో వేస్తుంది, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న నమూనాల్ని పక్కపక్కన పేరుస్తుంది. పాతిక రంగుల లెజెండ్‌లో జియోబ్యాక్టర్ ఏ ఆకుపచ్చో వెతికే టెన్షన్ తప్పింది.

ఏది వాడినా బార్ ఎత్తుకి అర్థం దాన్ని గీసిన ప్యాకేజీ చెప్పదు. క్రాకెన్ లెక్క రీడ్లది, పెద్ద జీనోమ్ ఉన్న జీవికి రీడ్లు ఎక్కువే పడతాయి. అదే పని చేసే మెటాఫ్లాన్ ప్రోగ్రామ్ మార్కర్ జీన్ల (ఒక్కో జీవికి ప్రత్యేకమైన జీన్ల) మీద లెక్క కడుతుంది కాబట్టి ఆ తేడా సర్దుకుంటుంది. రెండింటి బార్లూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఇవన్నీ వాటాలే కనుక, నీళ్ళు నిలిచిన మడిలో ఒక జీనస్ పెరిగిందా, తక్కినవి తగ్గాయా అన్నది బార్ చూసి తేల్చలేం. జీన్ కాపీలు మొత్తం ఎన్నో కొలిచే క్యూపీసీఆర్ పరీక్ష తోడుండాల్సిందే.

పాత డేటా, కొత్త డేటా కలిపేవాళ్ళకి ఇంకో మాట. 2021లో ఫైలమ్ పేర్లు మారాయి కదా: ఫర్మిక్యూట్స్ బాసిల్లోటా అయింది, ప్రోటియోబ్యాక్టీరియా సూడోమొనడోటా అయింది. రెండు కాలాల డేటాబేస్‌ల ఫలితాల్ని ఒకే ఆబ్జెక్ట్‌లో పెడితే ఒక్క ఫైలమ్‌కే రెండు రంగులు పడతాయి, ఫైలోసీక్ కిక్కురుమనదు.