పాత ఫ్లాట్ కొనే ముందు ఏది మేలు: లాయరు ఒపీనియనా, టేపు కొలతా?

హైదరాబాద్‌లో పదేళ్ల నాటి ఫ్లాట్ బేరానికి వస్తే చాలామంది ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తారు, లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఇదివరకు చేతులు మారిన పాత పత్రాలు, లాయరుకిస్తారు, "టైటిల్ క్లియర్" అనగానే బయానా ఇచ్చేస్తారు. ఆ పరిశీలన తప్పనిసరే. కానీ ఈసీలో కనపడేవి రిజిస్టరైన లావాదేవీలే. గోడ ఎంత ముందుకు జరిగిందో, ప్లాన్‌లో లేని అంతస్తు ఎప్పుడు లేచిందో అందులో ఉండదు.

అందుకే శాంక్షన్ ప్లాన్ (మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాన్), ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనంలో ఉండొచ్చన్న అనుమతి) చేతిలో పెట్టుకుని లైసెన్స్‌డ్ ఇంజినీరుతో బిల్డింగ్ కొలిపించడమే ముందు చేయాల్సిన పని. కాంపౌండ్ వాల్ నుంచి బిల్డింగ్ గోడ దాకా నాలుగు వైపులా టేపు పట్టాలి. ప్లాన్‌లో పక్క సెట్‌బ్యాక్ (గోడ చుట్టూ వదలాల్సిన ఖాళీ) 1.5 మీటర్లుండి అక్కడ 1.4 వస్తే కంగారు అక్కర్లేదు. 2012 నాటి జీవో 168 ప్రకారం హైరైజ్ కాని భవనాల్లో, ముందు వైపు మినహా, 10 శాతం లోపు తేడాకు జరిమానా కట్టించుకుని ఓసీ ఇవ్వచ్చు. అదే 1.2 వస్తే తేడా 20 శాతం, ఆ వెసులుబాటు దాటిపోయినట్టే.

తర్వాత అంతస్తులు లెక్కపెట్టండి. స్టిల్ట్ పార్కింగ్‌లో (కింద స్తంభాల మధ్య బళ్లకు వదిలిన చోట) గదులు కట్టారా, టెర్రస్ మీద పెంట్‌హౌస్ ఉందా చూడండి. పెంట్‌హౌస్‌కు ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు చూపిస్తారు, నమ్మొద్దు. అక్రమ కట్టడానికీ పన్ను వేస్తారు, రసీదు అనుమతి కాదు. బిల్డింగ్‌లోని అన్ని ఫ్లాట్ల సేల్ డీడ్‌లలో రాసిన అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో ఆ ఫ్లాట్ వాటా) గజాలు కూడి చూడండి. మొత్తం స్థలాన్ని మించితే ఎక్కడో ఒక ఫ్లాట్ ప్లాన్ బయట అమ్ముడైందని అనుమానించాలి.

టేపుకు అందకుండా ఈసీలో దొరికేదీ ఒకటుంది. అపార్ట్‌మెంట్ అనుమతికి బిల్డర్ కొంత బిల్టప్ ఏరియాను, మామూలుగా 10 శాతం, మున్సిపల్ కమిషనర్ పేరిట తనఖా పెడతాడు. ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. ఈసీలో ఆ తనఖా ఉండి రిలీజ్ కనపడకపోతే ఓసీ కాగితం ఒరిజినల్ అడగండి.

ఇక "బ్యాంకు లోనిచ్చింది కదా" అన్న మాట. బ్యాంకు తరఫున ఆస్తి విలువ కట్టే వాల్యూయర్ చూసేది బ్యాంకు అప్పు తిరిగొస్తుందా అని. పైగా కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే భవనంపై లోన్ ఇవ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేవాళ్లకు అప్పట్లో వచ్చిన లోన్ మీకు రాకపోవచ్చు.

ప్లాన్ కాపీ లేదంటే టౌన్ ప్లానింగ్ విభాగంలో పర్మిట్ నంబరుతో సర్టిఫైడ్ కాపీకి పెట్టండి. ఆర్టీఐ అయితే జవాబుకు గడువు 30 రోజులు. అంత వ్యవధి ఉండేలా అగ్రిమెంట్ రాయించి, ప్లాన్‌కు తేడా తేలితే బయానా వాపసు ఇవ్వాలన్న షరతు అందులోనే పెట్టించండి.