నీళ్లలో ఆగిన బండి: సెల్ఫ్ కొట్టాలా, తోయించాలా, ట్రాలీ ఆటో ఎక్కించాలా?

గంట గట్టిగా వాన పడితే గుంటూరు మూడు వంతెనల కింద నీళ్లు నిలుస్తాయి, బెజవాడలో రైల్వే అండర్ బ్రిడ్జిల సంగతీ అంతే. మధ్యలో బండి ఆగిపోతుంది, తోసుకుంటూ ఒడ్డుకి తెస్తాం, తేగానే చెయ్యి దానంతటదే సెల్ఫ్ బటన్ మీదికి పోతుంది. అక్కడే ఆగండి.

ముందు చూసుకోవాల్సింది బండి ఎక్కడ ఆగిందని. నీళ్లు దాటి బయటికొచ్చాక దగ్గి దగ్గి ఆగిందంటే చాలాసార్లు స్పార్క్ ప్లగ్ క్యాప్ తడిసి ఉంటుంది, అంతే. క్యాప్ పీకి లోపలా బయటా పొడిగుడ్డతో తుడిచి, పావుగంట ఆరనిచ్చి స్టార్ట్ చేయొచ్చు. కిక్ ఉంటే కిక్కే మేలు, ఎందుకంటే లోపల నీళ్లుంటే కాలికి తెలిసిపోతుంది, కిక్ దిగకుండా బిగుసుకుంటుంది. సెల్ఫ్ మోటారుకి ఆ జ్ఞానం ఉండదు, తిప్పమంటే తిప్పేస్తుంది.

నీళ్ల మధ్యలోనే టక్కున ఆగిందా, అప్పుడు ఎయిర్ ఫిల్టర్ దారిన ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి ఉండొచ్చు. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లని నొక్కలేదు. బలవంతంగా తిప్పితే వంగేది పిస్టన్‌ని ఆడించే కనెక్టింగ్ రాడ్డు. ప్లగ్ విప్పడం చేతనైతే విప్పేసి, నాలుగుసార్లు మెల్లగా కిక్ కొడితే ఉన్న నీళ్లు ఆ కన్నంలోంచి బయటికి చిమ్ముతాయి. చేతకాకపోతే ముట్టుకోకండి.

ఇక తోయించడం. "గేర్‌లో వేసి తొయ్యన్నా, అదే అందుకుంటుంది" అని పక్కనున్నవాళ్లు ప్రేమగా చెప్తారు. బ్యాటరీ డౌన్ అయిన గేరు బండికి ఈ వైద్యం పనికొస్తుంది. నీళ్లు మింగిన ఇంజిన్‌కి మాత్రం మూడింటిలో ఇదే చెడ్డది, బండి బరువూ తోసేవాళ్ల బలమూ కలిసి పిస్టన్ మీదే పడతాయి. గేర్లు లేని స్కూటర్‌ని ఎంత తోసినా ఆయాసమే మిగులుతుంది.

నా ఓటు ట్రాలీ ఆటోకే. వానరోజు వాడు అడిగినంత ఇవ్వాలి, నిజమే, అయినా ఇంజిన్ విప్పించే ఖర్చు ముందు అదెంత. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా బావమరిది స్కూటర్ రోజుల తరబడి మునిగింది. నీళ్లు తీశాక కడిగి, రెండ్రోజులు ఎండబెట్టి సెల్ఫ్ కొట్టాడు, ఒక్కసారి టక్కుమంది, రాడ్డు పోయింది. పక్కింటాయనదీ అంతే మునిగింది, కాకపోతే ఆయన తాళంచెవి కూడా తిప్పకుండా ఆటోనగర్ మెకానిక్ దగ్గరికి పంపించాడు. ప్లగ్, ఫిల్టర్ మార్చి, పాల టీ రంగుకి తిరిగిన ఇంజిన్ ఆయిల్ తీసేసి, కొత్త ఆయిల్ రెండుసార్లు మార్చి ఇచ్చారు, ఇప్పటికీ తిరుగుతోంది. పైన ఎండినంత మాత్రాన లోపల ఎండదు మరి.

కారైతే ఆలోచించే పనే లేదు. డీజిల్ ఇంజిన్‌లో నొక్కుడు ఇంకా ఎక్కువ, దెబ్బా అంతే పెద్దది. బ్యాటరీ వైరు తీసేసి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి అప్పుడు టోయింగ్. థర్డ్ పార్టీ పాలసీలో సొంత బండి నష్టానికి ఏమీ రాదు. ఫుల్ పాలసీ ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేయడం వల్లే ఇంజిన్ పోయిందని తేలితే, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ లేనివాళ్లకి సాధారణంగా క్లెయిమ్ ఇవ్వరు. ఎలక్ట్రిక్ స్కూటర్ మునిగితే ఛార్జింగ్ పెట్టకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కే.

ఒక్కటి, ట్రాలీలో బండిని నిలబెట్టే కట్టించండి. జాగా లేదని పడుకోబెడితే పెట్రోలు కారుతుంది, కింది ఆయిలూ నీళ్లూ కలిసి పిస్టన్ ఆడే బోరులోకి పోతాయి.