హవానాలో బస: పాత నగరమా, వెదాదోనా, ఏది మేలు?

క్యూబా రాజధాని హవానాకు తొలిసారి వెళ్లేవారిలో చాలామంది పాత హవానాలోనే, అంటే స్పానిష్‌లో హబానా వియెహా అనే భాగంలోనే, గది తీసుకోవాలనుకుంటారు. 1519లో నగరం ఇప్పుడున్న చోట స్థిరపడింది అక్కడే. 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినదీ కోటలతో కూడిన ఆ పాత నగరమే. కనుక ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. అయితే చూడవలసిన చోటూ, రాత్రి తలదాచుకోవలసిన చోటూ ఒకటే కానక్కరలేదు. రెండు రోజులకు మించి ఉండేవారికి పడమటి పేట వెదాదోయే మేలని నా అభిప్రాయం.

ముందుగా పాత నగరం సంగతి. అక్కడ చూడదగినవి చాలావరకు నడక దూరంలోనే ఉంటాయి. ప్లాసా దె అర్మాస్‌లో ఒకప్పటి స్పానిష్ గవర్నర్ల భవనం ముందు ఆగి కిందికి చూస్తే, వీధికి పరిచినవి రాళ్లు కావనీ, ఇటుకల్లా కోసిన చెక్క దిమ్మెలనీ తెలుస్తుంది. గుర్రపు బగ్గీల చప్పుడు లోపలివారి నిద్ర చెడగొట్టకూడదని అలా వేయించారని చెబుతారు. కొద్ది దూరంలోని కెథడ్రల్ 1777లో పూర్తయింది. దాని రెండు గోపురాలలో ఒకటి లావు, ఒకటి సన్నం కావడాన్ని అందరూ ఫొటో తీసుకుంటారు గానీ, అంతకంటే చూడవలసినది గోడల రాయి. సముద్రపు అడుగున ఏర్పడిన ఆ రాతికి ముఖం దగ్గరగా పెట్టి చూస్తే పగడాల, గవ్వల ఆనవాళ్లు కనిపిస్తాయి. ప్లాసా వియెహా కథ మరీ విచిత్రం: 1952లో ఆ చారిత్రక కూడలిని తవ్వి కార్ల పార్కింగ్ కట్టారు, 1990లలో దాన్ని పడగొట్టి మళ్లీ పాత రూపం తెచ్చారు. నగర చరిత్రకారుడనే పదవిలో దశాబ్దాల పాటు పనిచేసి 2020లో మరణించిన ఎఉసేబియో లెయాల్ నడిపించిన పునరుద్ధరణలో ఇది ఒక భాగం. హోటళ్ల మీద, భోజనశాలల మీద వచ్చిన ఆదాయాన్ని తిరిగి పాత కట్టడాల మరమ్మతుకే మళ్లించడం ఆ పథకానికి ఆయువుపట్టుగా ఉండేది.

దాని పర్యవసానమూ అక్కడే కనిపిస్తుంది. బాగుచేసిన వీధులు సందర్శకుల కోసమే అలంకరించినట్టుంటాయి; గుమ్మం గుమ్మానికీ మెనూ పట్టుకుని పిలిచేవారు, వెంటపడి సిగార్లు అమ్మజూపేవారు ఉంటారు. రెండు వీధులు పక్కకు తిరిగితే, కూలిపోకుండా దుంగలతో దన్ను పెట్టిన బాల్కనీలు, వాటి మీదే ఆరేసిన బట్టలు. ఈ వైరుధ్యాన్ని తప్పక చూడవలసిందే, అయితే గుంపులు దిగకముందు, ఉదయం ఎనిమిదిలోపే చూడాలి.

పాత నగరానికీ వెదాదోకూ మధ్య సెంత్రో హబానా అనే పేట ఉంది. 1863లో పాత నగరం చుట్టూ ఉన్న ప్రాకారాన్ని కూల్చడం మొదలయ్యే వరకూ ఇది గోడ వెలుపలి ఊరు. 1847 నుంచి ఒప్పంద కూలీలుగా వచ్చిన చైనీయుల పేట ఇక్కడే. మారిషస్‌కు వెళ్లిన తెలుగు కూలీల కథ తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. అద్దె తక్కువ, సందడి ఎక్కువ. పెద్దవాళ్లతో వెళ్లేవారికి మాత్రం నేను సూచించను.

వెదాదో అన్న మాటకు ‘నిషిద్ధం’ అని అర్థం. సముద్రపు దొంగలు ఆ వైపు నుంచి నగరంలోకి చొరబడకుండా అడవి అడ్డుగా ఉండాలని, అక్కడ చెట్లు నరకడాన్ని, ఇళ్లు కట్టడాన్ని వలస పాలకులు నిషేధించారు. 1859లో గళ్ల నమూనాలో పేటను గీసినప్పుడు ప్రతి ఇంటి ముందూ తోట, వసారా ఉండాలన్నారు; ఎండలోనూ నడవగలిగేంత నీడ ఈనాటికీ మిగిలిందంటే ఆ నియమం చలవే. సముద్రానికి సమాంతరంగా సాగే వీధులకు బేసి అంకెలు. వాటిని ఖండించే వీధులకు పసేయో రహదారికి ఒక పక్క సరి అంకెలు, మరో పక్క అక్షరాలు. కూడళ్లలో మోకాలెత్తు రాతి దిమ్మెలుంటాయి, వాటి ఒక్కో ముఖం మీద ఒక్కో వీధి గుర్తు చెక్కి ఉంటుంది. ఫోన్‌లో ఇంటర్నెట్ అందకపోయినా ఇక్కడ దారి తప్పడం కష్టం.

23వ వీధి, ఎల్ వీధి కలిసే చోట 1966లో తెరిచిన కొప్పెలియా ఐస్‌క్రీమ్ శాల ఉంది. ఎదురుగా 1958లో హిల్టన్‌గా మొదలై మరుసటి ఏడే విప్లవకారుల స్థావరంగా మారిన హబానా లిబ్రె హోటల్. 1728లో స్థాపించిన విశ్వవిద్యాలయపు పెద్ద మెట్లు, 1930 నాటి నాసియొనాల్ హోటల్ అక్కడికి దగ్గరే. విప్లవ కూడలి పేరు గొప్పదే గానీ నీడ లేని ఆ మైదానానికి అరగంట చాలు. దానికి బదులు కొలోన్ శ్మశానవాటికలోని పాలరాతి శిల్పాలకు ఒక పూట కేటాయించడం మంచిది. ఒక పార్కులో బెంచీ మీద బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కంచు విగ్రహం ఉంటుంది. కళ్లజోడును పదేపదే ఎత్తుకుపోతుండటంతో దానికి కాపలా పెట్టవలసి వచ్చింది.

వెదాదోకు ఉన్న అసలు లోపం దూరం. పాత నగరం తీరం వెంట నాలుగైదు కిలోమీటర్లుంటుంది. సుమారు ఎనిమిది కిలోమీటర్ల మలెకోన్ తీర రహదారి మీద సాయంత్రం నడక హాయిగానే ఉంటుంది గానీ, చలికాలంలో ఉత్తరపు గాలి వీచినప్పుడు అలలు గోడ దాటి రోడ్డు మీద పడతాయి. అప్పుడు కార్లకే దారి ఉండదు. తక్కిన రోజుల్లో పాత అమెరికన్ కార్ల షేర్ టాక్సీలు అక్కరకొస్తాయి.

కనుక రెండే రోజులుంటే పాత నగరంలోనే దిగండి, రాకపోకలకు సమయం పోదు. అంతకు మించి ఉంటే, తలకిందులైన లంగరు లాంటి నీలి గుర్తున్న ఇంట్లో, అంటే గదులు అద్దెకిచ్చే ప్రైవేటు ఇల్లయిన కాసా పర్తిక్యులర్‌లో, వెదాదో వైపు గది తీసుకోండి. ఎక్కడ దిగినా ముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కరెంటు పోతే ఏం చేస్తారు? 2024 అక్టోబరులో దేశమంతటా విద్యుత్ గ్రిడ్ కుప్పకూలిన తర్వాత ఈ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు. శాకాహారులు అన్నంలో నల్ల చిక్కుళ్లు కలిపి వండే మోరోస్ తినే ముందు, పంది కొవ్వు వేశారా అని కూడా అడగాలి.

వెదాదోలో ఉన్నవారికి ఒక్క రాత్రి మాత్రం ఇబ్బంది. అఖాతం అవతల కబాన్యా కోటలో రోజూ రాత్రి తొమ్మిదికి ఫిరంగి పేలుస్తారు. ఒకప్పుడు అది ప్రాకార ద్వారాలు మూసే వేళకు సంకేతం. చూసి వచ్చేవారంతా ఒకేసారి బయటపడతారు, సొరంగ మార్గంలో కాలినడకన రావడానికి వీలుండదు. తీసుకెళ్లిన టాక్సీ అతనితోనే తిరుగు ప్రయాణం కూడా బేరం కుదుర్చుకుని, డబ్బులు మాత్రం ఇంటి ముందు దిగాకే ఇవ్వండి.