శిల్పారామంలో కొన్న లక్కపిడతలు: రెండు నెలల తర్వాత

మాది అనకాపల్లి వైపు. అంగన్‌వాడీలో ఇరవై ఆరేళ్లు చేసి, ఇప్పుడు మియాపూర్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలికి నాలుగేళ్లు. పుట్టినరోజుకి ఎవరో బ్యాటరీ బోర్డు ఇచ్చారు. నొక్కితే ‘ఏ ఫర్ యాపిల్’ అంటుంది, తప్పు నొక్కితే కుయ్యిమంటుంది. మూడు రోజులు నొక్కి, టీవీ స్టాండు కిందకి తోసేసింది. ఆటంతా ఆ బోర్డే ఆడేస్తుంటే పిల్లకేం మిగులుతుంది?

మాదాపూర్ శిల్పారామంలో మా అనకాపల్లి వైపు ఏటికొప్పాక లక్కపిడతలు కనిపించేసరికి మా ఊరివాళ్లు ఎదురైనట్టయింది. పొయ్యి, బిందె, తిరగలి, రోలు, రోకలి, మూతల గిన్నెలు, గ్లాసులు... మొత్తం 14. 750 చెప్పి 600కి ఇచ్చాడు. అంకుడు కర్రని తిప్పుతూ, రంగు కలిపిన లక్కని అదిమి పట్టి చేస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. అందుకే ఆ నునుపు. 2017లో వీటికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే ప్రభుత్వ గుర్తింపు కూడా వచ్చింది.

మొదటి రోజే టీ పెట్టింది. తాతయ్యకి ఖాళీ గ్లాసు ఇస్తూ, ‘నీకు చక్కెర వెయ్యలేదు తాతయ్యా, షుగర్ కదా!’ అంది. నాకు మాత్రం రెండు చెంచాలు. లేని టీని ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని వంటింటి నుంచి నడిచొచ్చింది.

తర్వాత పక్క ఫ్లాట్ పిల్లాడొచ్చాడు. పొయ్యి నాదంటే నాదని ఏడుపులు. నేను కదల్లేదు. కాసేపటికి వాడు కర్రీ పాయింట్ ఓనరయ్యాడు, ఇది రోకలి చెవి దగ్గర పెట్టుకుని ‘రెండు పప్పు, ఒక సాంబారు’ అని ఆర్డరిచ్చింది. రోకలి ఫోనైందంటే, ఒకటి ఇంకోదానికి గుర్తుగా నిలబడుతుందని పిల్ల పట్టుకుందన్నమాట. రేపు ‘అ’ అనే గీత ఒక శబ్దానికి గుర్తని తెలిసేదీ ఇలాగే. మా అమ్మాయికేమో ‘ఎల్‌కేజీ ఇంటర్వ్యూ ఉందమ్మా, ఆటలేంటి’ అని టెన్షన్. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువు ఆటపాటలతోనే సాగాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్తుంటే, ఇక్కడ నర్సరీకే వర్క్‌షీట్లు! మా చిన్నప్పటి గుజ్జనగూళ్లకి ఇంటర్వ్యూలు లేవు.

లోపాలూ చెప్పాలి. ఒక గిన్నె మూత బిగుసుకుపోతోంది, పిల్ల చేతికి రాదు. మారుస్తావా అని వెళ్తే ‘బిల్లేదమ్మా’ అన్నాడు. బిల్లు ఇచ్చిందెక్కడ? కొనేముందు ప్రతి మూతా తీసి చూసుకోండి. రాత్రంతా బకెట్ నీళ్లలో నానిన బిందె మెరుపు పోయింది, అది మా తప్పే. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే మాత్రం ఈ సెట్టు వద్దు, చిన్న మూతలు గొంతులో పడతాయి. వాళ్లకి పెద్ద గిలక్కాయ తీసుకోండి, పక్కనే ఉంటాయి.

శని, ఆదివారాలు సాయంత్రం బేరమాడే సందు ఉండదు. నేను మంగళవారం పొద్దున వెళ్లాను. మళ్లీ వెళ్లాలి, పక్క ఫ్లాట్ వాడికి సొంత పొయ్యి కావాలట. మా రోకలి వారం నుంచి కనబడట్లేదు. అడిగితే ‘చార్జింగ్ పెట్టాను అమ్మమ్మా’ అంటోంది.