లినక్స్ మింట్‌లో సౌండ్ పని: గుయ్‌మనే చప్పుడు పోయాక రాస్తున్న సమీక్ష

నల్లగొండలో ఆటో ప్రచారాలకు గొంతు రికార్డు చేసి ఇస్తుంటాను. బట్టల షాపుల ఆఫర్లు, బడి అడ్మిషన్లు, జాతరలు, ఎన్నికలొస్తే ఎన్నికల ప్రచారాలు. ఈ పనంతా ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద, విండోస్ బదులు వేసుకునే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తోంది. మింట్ ఎలా ఎక్కించాలి, చూడ్డానికి ఎలా ఉంటుంది అన్నవి అందరూ చెప్పేవే కాబట్టి వదిలేస్తున్నాను. సౌండ్ కార్డు ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు మెలకువగా ఉండాలో మన చేత్తో మార్చుకునే వీలు ఇందులో ఉంది. ఆ ఒక్కదాని కోసమే నేను ఇన్నాళ్లుగా దీన్ని వదలలేదు.

మొదట చప్పుడు సంగతి. పాటో, రికార్డింగో ఆపిన కొద్ది సెకన్లకు స్పీకర్లో టక్‌మనేది. వెంటనే సన్నగా గుయ్‌మని మొదలయ్యేది. మళ్లీ ఏదైనా ప్లే చేస్తే ఇంకో టక్, చప్పుడు మాయం. రికార్డు చేసిన ఫైల్లో అది ఉండదు. కానీ పార్టీ, అంటే పని ఇచ్చిన మనిషి, ఎదురుగానే కూర్చుని ఉంటాడు కదా. "అన్నా, గీ చప్పుడు మైకుల గూడ వస్తదా?" అని అడిగేవాళ్లు. రాదని చెబితే నమ్మేవాళ్లు కాదు, ఫైలు వాళ్ల ఫోన్లోకి ఎక్కించి వినిపిస్తే గానీ డబ్బులు చేతికొచ్చేవి కావు. వైరు మార్చమని ఒకరు, స్పీకర్లు మార్చమని ఒకరు, విండోస్ వేసేయమని ఇంకొకరు సలహాలిచ్చారు.

ప్లే అవుతున్నంతసేపు రాకుండా, ఆపాకే వస్తోందంటే వైరు తప్పు కాదని తేలిపోయింది. వైరు తప్పయితే పాట వెనకాల కూడా వినపడాలి. ఆపిన వెంటనే కాకుండా కొన్ని సెకన్లు ఆగి రావడానికీ ఒక లెక్క ఉంది. అప్పుడు నేను వాడుతున్నది మింట్ 21. అందులో సౌండ్‌ను నడిపేది పల్స్ ఆడియో. ఏమీ ప్లే కాకపోతే 5 సెకన్లు చూసి సౌండ్ కార్డును వదిలేస్తుంది. ఆ తర్వాత పని డ్రైవరుది, అంటే సౌండ్ కార్డును నడిపే చిన్న ప్రోగ్రామ్‌ది. తనకు చెప్పిన గడువు దాటగానే కార్డులోని చిప్‌కి కరెంటు తగ్గిస్తుంది. చిప్ పడుకుంటుంది గానీ అవతల స్పీకర్ యాంప్లిఫయర్ మెలకువగానే ఉంటుంది. వైరు కొసను పట్టుకునేవాళ్లు లేక, చుట్టుపక్కల తిరిగే చిల్లర చప్పుడంతా అది పెద్దది చేసి వినిపిస్తుంది.

ఆ గడువు ఎంతో చూడటానికి ఏ బొమ్మల మెనూ లేదు, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ తెరవాల్సిందే. సిస్ ఫోల్డర్లో మాడ్యూల్ కింద ఎస్ఎన్‌డీ హెచ్‌డీఏ ఇంటెల్ అనే డ్రైవరు ఉంటుంది. దాని పారామీటర్లలో పవర్ సేవ్ అని ఒక చిన్న ఫైలు. అందులో ఉండేది ఒకే ఒక్క అంకె, నా మెషిన్లో అది 1. అంటే ఒక్క సెకను ఖాళీగా ఉంటే చాలు, చిప్‌ని పడుకోబెట్టమని. దాన్ని 0 చేశాను. రీస్టార్ట్ అక్కర్లేదు, ఎంటర్ కొట్టిన క్షణంలోనే గుయ్ ఆగిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు మొదటిసారి వినపడింది. అంత కాలం పీడించిన చప్పుడు ఒక్క అంకెతో పోయిందంటే ఆ సంతోషం మాటల్లో పెట్టలేను.

కానీ నిలవలేదు. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, గుయ్ కూడా తిరిగొచ్చింది. ఫైలు తెరిస్తే మళ్లీ 1. డ్రైవర్ల సెట్టింగులు ఉండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్లో శాశ్వతంగా ఉండేలా ఒక లైను రాశాను. అయినా చార్జర్ పిన్ను కదిపితే మళ్లీ మొదలు. ఇది చాలా చిరాకు పెట్టింది. చివరికి దొరికింది ఏంటంటే, కరెంటు కోతల్లో బ్యాటరీ ఎక్కువసేపు రావాలని నేను టీఎల్‌పీ అనే బ్యాటరీ పొదుపు ప్రోగ్రామ్ వేసుకుని ఉన్నాను. చార్జర్ పెట్టినా తీసినా అది తన సెట్టింగులన్నీ మళ్లీ రాస్తుంది. సౌండ్ పవర్ సేవ్ కూడా అందులో ఒకటి. టీఎల్‌పీ కాన్ఫిగ్ ఫైల్లో చార్జర్ మీద ఉన్నప్పటి విలువ, బ్యాటరీ మీద ఉన్నప్పటి విలువ వేర్వేరుగా ఉంటాయి. రెండూ 0 చేశాను. అప్పటి నుంచి ఆ గుయ్ మళ్లీ రాలేదు. బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుందంటారు, నా వాడకంలో తేడా తెలియలేదు.

టీఎల్‌పీని నేను తిట్టను, కరెంటు పోయినప్పుడు పని ఆగకుండా నిలబెట్టింది అదే. నాకు నచ్చింది ఏంటంటే, ఎవరు ఏ అంకె మార్చారో వెతికితే దొరికింది. దాచిపెట్టినది ఏదీ లేదు.

ఇప్పటిదాకా చెప్పింది ఒక చప్పుడు. రెండోది రికార్డింగ్‌లోకే వచ్చేది, దాన్ని ఏ సెట్టింగూ పోగొట్టలేదు. మైకు నుంచి చిన్న మిక్సర్‌కి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు. చార్జర్ పెట్టి ఉంటే గొంతు వెనకాల జుయ్‌మని ఒక పొర, చార్జర్ తీస్తే శుభ్రం. ఆడాసిటీలో ఏ శబ్దం ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఉందో గీసి చూపే ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిస్తే 50 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం, 100 దగ్గర ఒకటి, 150 దగ్గర ఒకటి, అలా పైకి వరసగా. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది ఎక్కడి నుంచి వస్తోందో బొమ్మలోనే కనపడింది. కింది 50ని ఫిల్టర్‌తో కోసేయడం తేలిక. కానీ ఆటో మీద ఉండేది హారన్ స్పీకర్, అది లోతు శబ్దాలను ఎలాగూ పెద్దగా పలకదు. పలికేది ఆ పై శిఖరాలనే. గదిలో చిన్నగా అనిపించిన జుయ్, క్లాక్ టవర్ సెంటర్‌లో ఆటో మీద నుంచి వింటే గొంతుకు సమానంగా వినపడేది.

ల్యాప్‌టాప్ లోహపు అంచు మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమనేది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. చూసి, "అన్నా, ఎర్తు గుంత ఎండిపోయింది. ఎండకాలం నీళ్లు పొయ్యకుంటే అది ఉన్నా లేనట్టె" అన్నాడు. మా దగ్గర పైన ఎర్ర చెలక, కింద బండ, తడి నిలవదు. ఎర్త్ సరిగా లేకపోతే చార్జర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే చిన్న లీకేజీ కరెంటు భూమిలోకి పోలేక, ఆడియో వైరు పైనున్న తొడుగునే దారి చేసుకుంటుంది. గుంత తవ్వి ఉప్పు, బొగ్గు కొత్తగా వేసి నీళ్లు పోయించాక జుయ్ చాలావరకు తగ్గింది. మిగిలినదాన్ని మిక్సర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య పెట్టిన గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ తీసేసింది, అది రెండు వైపుల గ్రౌండ్‌నూ విడదీస్తుంది. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఏమీ ఉండవు దానిలో. ప్లగ్గులోని మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేస్తే చప్పుడు పోతుందని చెప్పేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయకండి, అది ప్రాణం కాపాడే పిన్ను. యూఎస్‌బీ సౌండ్ కార్డు కొంటే పోతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. యూఎస్‌బీ వైరులో కూడా గ్రౌండ్ ఉంటుంది కాబట్టి ఈ రకం చప్పుడుకు అదొక్కటి కొంటే సరిపోదు.

మైకు బుస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టెర్మినల్లో తెరుచుకునే ఆల్సామిక్సర్‌లో ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకుంటే, మైకు సిగ్నల్‌ను పెంచే మైక్ బూస్ట్ కనపడుతుంది, 10 డెసిబెల్ మెట్లలో. నాది 30 మీద ఉంది. ఒక్క మెట్టు దిగితే సిగ్నల్ దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది, మిక్సర్ దగ్గర గొంతు పెంచితే సరిపోయింది.

ఇంత మెచ్చుకున్నాక ఒకటి ఒప్పుకోవాలి. మింట్ 22కి మారాక అంతా ముందులా లేదు. పల్స్ ఆడియో స్థానంలో పైప్‌వైర్ వచ్చింది. పవర్ సేవ్ 0 గానే ఉంది, గుయ్ రాలేదు. కానీ కాసేపు ఆగి ప్లే చేస్తే మొదటి అక్షరం మింగేయడం మొదలైంది. "నమస్కారం" అనేది "మస్కారం" అయిపోతే పార్టీ ఊరుకోడు. పైప్‌వైర్‌కి తోడుండే వైర్‌ప్లంబర్ కూడా 5 సెకన్లకు కార్డును వదిలేస్తుంది, ఆ గడువును 0 చేస్తే ఆగింది. అక్కడికి చేరడమే కష్టమైంది. 2024లో వచ్చిన వైర్‌ప్లంబర్ 0.5 తన సెట్టింగు ఫైళ్ల పద్ధతినే మార్చేసింది, మింట్ 22లో ఉన్నది అంతకు ముందరి 0.4. అందులో సెట్టింగులు లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయాలి. కొత్త పద్ధతి చూసి రాసిన ఫైలును అది పట్టించుకోదు, తప్పుందని కూడా చెప్పదు. అన్నీ తెరిచి చూపిస్తుందని పైన నేను రాసిన మాట ఈ విషయంలో పూర్తిగా నిలబడదు.

నాది ఒక్క గొంతు, ఒక్క మైకు, చిన్న గది. ఎడిటింగ్‌కి తొందర ఉండదు, టెర్మినల్ అంటే భయం లేదు. అలాంటివాళ్లకు మింట్ ధైర్యంగా చెబుతాను. పెళ్లిళ్లలో లైవ్ మిక్సింగ్ చేసేవాళ్లకు, నాలుగైదు మైకులు ఒకేసారి రికార్డు చేసేవాళ్లకు నా అనుభవం సరిపోకపోవచ్చు. షాపులో వేరేవాళ్లు కూడా కూర్చునే మెషిన్ అయితే, ఈ ఫైళ్లన్నీ ఎక్కడున్నాయో కాగితం మీద రాసి పెట్టుకోండి. నేను అలాగే పెట్టుకున్నాను. మింట్‌లోకి కొత్త వైర్‌ప్లంబర్ వచ్చిన రోజు ఆ లువా ఫైలు మళ్లీ రాయాల్సిందే.