వాగుకు శ్రేణా, తరగతా?

ఆదివారం నంది కొండల దిగువన చిన్న వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే మేనల్లుడు అడిగాడు: "ఇది ఏ రకం వాగు మామయ్యా?" జవాబులు రెండున్నాయి.

వాగులు ఎలా కలుస్తాయో చూసి అంకె వేసే స్ట్రాలర్ పద్ధతిలో, వేరే వాగేదీ కలవని పిల్లవాగు 1వ శ్రేణి. అలాంటివి రెండు కలిస్తే 2. రెండో శ్రేణిలో ఒకటో శ్రేణి కలిసినా 2గానే ఉంటుంది. మ్యాప్ ఉంటే చాలు. కానీ బెంగళూరులో పిల్లవాగులు చాలావరకు రోడ్ల కింద డ్రైనేజీలైపోయాయి. మ్యాప్‌లో గీత పోతే లెక్కే తప్పుతుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మాత్రం నీటినే చూస్తుంది. 'ఏ' నుంచి 'ఈ' దాకా తరగతులు. 'ఏ'కి లీటరులో కరిగిన ఆక్సిజన్ కనీసం 6 మిల్లీగ్రాములుండాలి, బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 2 దాటకూడదు. చేపలు బతికే 'డీ'కి ఆక్సిజన్ 4 చాలు.

నా ఓటు దీనికే. బెంగళూరు బసవనగుడిలో పుట్టిన వృషభావతి నది శ్రేణి ఎంతైనా, మైసూరు రోడ్డులో బస్సు కిటికీ తెరిస్తే ముక్కు మూసుకోవాల్సిందే. ఒకటే ఇబ్బంది, వాన పడ్డ మర్నాడు తీసిన శాంపిల్ ఒకలా, ఎండాకాలంలో తీసింది ఇంకోలా ఉంటుంది.

మావాడు బొటనవేలి దగ్గర తిరుగుతున్న చేపపిల్లను చూపించి, "డీ అయినా వేసుకో" అన్నాడు.