సివిక్‌కి వెనక స్వే బార్: ఇంటి దగ్గరే బిగించి, శ్రీశైలం ఘాట్‌లో నడిపి చూశాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెప్తున్నా. స్వే బార్ అంటే మలుపుల్లో కారు ఒరగకుండా పట్టుకునే కడ్డీ. ఘాట్ రోడ్లు, మలుపుల రోడ్లు ఇష్టంగా నడిపేవాళ్లకి ఈ పార్టు పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. ఊళ్లో తిరగడానికి, పెద్దవాళ్లని వెనక సీట్లో కూర్చోబెట్టి హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లి రావడానికి మాత్రమే కారు వాడేవాళ్లకి అక్కర్లేదు. ఈ రెండింటికీ మధ్యలో ఉండి కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసమే వివరంగా రాస్తున్నా.

కారు పాత హోండా సివిక్, మన దగ్గర 2006లో వచ్చిన 1.8 పెట్రోల్ మోడల్. బండి నల్గొండలో ఉంటుంది, ఎక్కువగా తిరిగేది దేవరకొండ, డిండి మీదుగా మన్ననూర్, అక్కడి నుంచి శ్రీశైలం. ఈ కారుకి వెనక కూడా ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడే ఏర్పాటు, ఉంటుంది కాబట్టి పాత సన్నటి బార్ తీసేసి అదే చోట లావుపాటిది పెట్టుకోవచ్చు, ఎక్కడా వెల్డింగ్ గానీ డ్రిల్లింగ్ గానీ ఉండదు. నేను కొన్నది బయటి దేశం నుంచి తెప్పించింది, కస్టమ్స్, కొరియర్ అన్నీ కలిపి దాదాపు 30,000 అయింది. చిన్న మొత్తం కాదు. మంచి టైర్ల సెట్టు వచ్చే డబ్బు అది, అందుకే ఒక మాట: టైర్లు అరిగిపోయి, షాకబ్జర్లు కారుతూ, బుష్షులు (కీళ్ల దగ్గరుండే రబ్బరు తొడుగులు) పగిలి ఉంటే ముందు ఆ పని చూడండి. బార్ ఆ లోపాల్ని పూడ్చదు, పైగా ఇంకా బయటపెడుతుంది.

ఇది చేసే పని ఒక్కటే. రెండు వెనక చక్రాల్ని అడ్డంగా కలిపే స్ప్రింగు కడ్డీ ఇది. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే కడ్డీ తన బుష్షుల్లో ఊరికే తిరుగుతుంది, దేన్నీ అడ్డుకోదు. మలుపులో కారు ఒక పక్కకి ఒరిగినప్పుడు ఒక చక్రం లోపలికి నొక్కుకుని ఇంకోటి కిందికి జారుతుంది కదా, అప్పుడు కడ్డీ మెలి తిరుగుతుంది, ఆ మెలికకి ఎదురు తిరిగి కారు ఒరగకుండా పట్టుకుంటుంది. చాలామంది అనుకునేట్టు మలుపులో బయటి చక్రాల మీద పడే మొత్తం బరువు దీనివల్ల పెద్దగా తగ్గదు. ఆ లెక్క కారు బరువు ఎంత ఎత్తులో ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య ఎంత వెడల్పు ఉంది, మలుపులో ఎంత వేగంగా పోతున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. బార్ మార్చేది ఆ భారంలో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అన్నది. ఇంజిను ముందు వైపే ఉండి ముందు చక్రాల్నే తిప్పే కార్లలో ముందు బయటి టైరు మీదే పనంతా పడి, స్టీరింగ్ తిప్పినా కారు మలుపు బయటికి జరుగుతూ పోతుంది. వెనక గట్టి బార్ వేస్తే ఆ పనిలో కొంత వెనక టైర్లు పంచుకుంటాయి, ముందు టైర్లకి ఊపిరి ఆడుతుంది, స్టీరింగ్ చెప్పిన వైపుకి ముక్కు వస్తుంది.

కొనేటప్పుడు లావు గురించి జాగ్రత్త. బార్ గట్టితనం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 16 మిల్లీమీటర్ల నుంచి 19కి పోతే చూడ్డానికి మూడు మిల్లీమీటర్లే, గట్టితనం మాత్రం దాదాపు రెండింతలు. అలాగే లోపల బోలుగా ఉన్న బార్‌ని బోలు లేని నిండు బార్‌తో ఒకే అంకె చూసి పోల్చకూడదు. 22 మిల్లీమీటర్ల బార్‌లో లోపల 16 మిల్లీమీటర్ల బోలు ఉంటే గట్టితనం పావు వంతు పైనే తగ్గుతుంది, బరువు సగానికి పైగా తగ్గుతుంది. కాబట్టి అమ్మేవాణ్ణి లావు ఒక్కటే కాదు, బోలా నిండుదా, చివర ఎన్ని రంధ్రాలు అని కూడా అడగండి. నాది నిండు బార్, రెండు పక్కలా వంగి ఉండే దాని చేతుల చివర రెండేసి రంధ్రాలు. బయటి రంధ్రంలో లింక్ రాడ్ (బార్ చివరని చక్రం వైపు సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీ) పెడితే చెయ్యి పొడుగై బార్ మెత్తగా పనిచేస్తుంది, లోపలి రంధ్రంలో పెడితే గట్టిగా.

ఇక ఇంటి దగ్గర బిగించడం. పనికి నేను, మా బావమరిది, ఇద్దరమే. ఎండలు ముదరక ముందే తెల్లవారుజామున మొదలుపెట్టాం, ఏప్రిల్ దాటితే మన నల్గొండలో పది గంటల తర్వాత బండి కింద పడుకునే పని ఎవరూ పెట్టుకోవద్దు. నిజానికి నట్లు బోల్టులు విప్పడం ఇందులో తేలికైన భాగం. అసలు జాగ్రత్తంతా కారు వెనక భాగం లేపి నిలబెట్టడంలో ఉంది, చాలామంది తేలిగ్గా తీసుకునేదీ అదే. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాల్ని. ఆ రెండూ గాల్లో ఉంటే హ్యాండ్ బ్రేక్ ఎంత లాగినా కారుని ఆపేది ఏమీ ఉండదు. మాన్యువల్ గేరు బండి అయితే ఫస్ట్ గేర్‌లో పెట్టి, ముందు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు బిగించాకే జాకీ పెట్టాలి. ఇంకోటి, మన ఇళ్ల ముందు చాలా చోట్ల షాబాద్ బండలు పరిచి ఉంటాయి. కింద ఇసుక గుల్లగా ఉన్న చోట జాక్ స్టాండు కాలు పడితే బండ పగులుతుంది, అందుకే స్టాండ్ల కింద మందపాటి ప్లైవుడ్ ముక్కలు వేశాం. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని గానీ, సిమెంటు ఇటుకలు పేర్చి గానీ కారు కిందికి దూరొద్దు. ఇటుక పగిలే ముందు ఏ సూచనా ఇవ్వదు. స్టాండ్ల జత కొనడానికి మనసు ఒప్పకపోతే ఈ పని గ్యారేజీకి ఇచ్చెయ్యండి.

రెండు వెనక చక్రాలూ కలిపి లేపాలి. ఒక పక్కే లేపితే పాత బార్ మెలి తిరిగి ఉంటుంది, లింక్ రాడ్ విప్పేటప్పుడు ఒక్కసారిగా ఎగురుతుంది, కొత్తది పెట్టేటప్పుడు రంధ్రాలు కలవవు. లింక్ రాడ్ నట్టు విప్పుతుంటే లోపలి కాడ కూడా దాంతో పాటే తిరుగుతుంది కాబట్టి కాడ చివర ఉన్న గుంటలో అలెన్ కీ పెట్టి పట్టుకుని, బాక్స్ పానాతో నట్టు తిప్పాలి. ఆ గుంటలో మట్టి గట్టిపడి ఉంటుంది, సన్న మేకుతో పూర్తిగా తవ్వి తీశాకే కీ పెట్టండి, లేకపోతే అంచులు అరిగిపోయి నట్టు కోసి తీయాల్సిన పరిస్థితి వస్తుంది. మన ప్రాంతంలో ఒక లాభం ఉంది, గాలి పొడి, తుప్పు తక్కువ. ముందు రోజు రాత్రి తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచితే ఉదయం అన్నీ మెత్తగా వచ్చేశాయి. విశాఖ వైపు సముద్రపు గాలిలో తిరిగిన బండి కొన్నవాళ్లకి ఇంత సులువు కాకపోవచ్చు. బుష్ బ్రాకెట్లు విప్పి, సైలెన్సర్‌ని రబ్బరు హ్యాంగర్ల నుంచి కొంచెం కిందికి దించి తాడుతో కట్టాక పాత బార్ పక్క నుంచి జారి వచ్చింది.

కొత్త బార్‌తో వచ్చే బుష్షులు పాలీయురేథేన్‌వి, అంటే రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్ లాంటివి. వీటికి లోపలి వైపు సిలికాన్ గ్రీజు దండిగా రాయాలి, బండికి వాడే మామూలు గ్రీజు వద్దు. బ్రాకెట్లు బిగించాక, లింకులు కలపక ముందు, బార్‌ని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూడండి. కొంచెం బరువుగానైనా చేత్తో తిరగాలి. పట్టేసినట్టుంటే బుష్ సరిగ్గా కూర్చోలేదు, అలాగే వదిలేస్తే రోడ్డు మీద ప్రతి చిన్న గతుకూ లోపలికి కొడుతుంది. తర్వాత బార్ ఎడమ కుడి సమానంగా ఉందా చూసి, రెండు పక్కలా ఒకే వరస రంధ్రంలో లింకులు పెట్టి, చివరి బిగింపు మాత్రం చక్రాల మీద బరువు పడ్డాక టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువుతో తిప్పుతున్నామో కొలిచే పానా), సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెకి. బ్రేకు గొట్టాలకి, సైలెన్సర్‌కి బార్ తగలకుండా ఖాళీ ఉందో లేదో చక్రాలు వేలాడుతున్నప్పుడు ఒకసారి, కారు నేల మీద నిలబడ్డాక ఇంకోసారి చూడాలి. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ సరిచూడండి. అలైన్‌మెంట్ చేయించాలా అని చాలామంది అడుగుతారు. దీనికోసం అక్కర్లేదు, బార్ మార్చితే చక్రాల కోణాలు మారవు, ఆ డబ్బు గ్రీజుకి పెట్టండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం ఈ మార్పు గురించి రాసి పెట్టుకోవడం మంచిది.

క్లాక్ టవర్ దగ్గర మాకు తెలిసిన మెకానిక్ బండి చూసి మొదట అడిగింది, "అన్నా, ఇంత లావు రాడ్ ఏస్తే బండి ఎద్దుల బండి లెక్క గట్టిగైతది గదా?" అని. అలా ఏం కాలేదు. ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల మీద పాతదానికీ కొత్తదానికీ నాకు తేడా తెలియలేదు. తెలిసింది డిండి దాటాక. మన్ననూర్ చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ అడవిలోకి వెళ్లాక వేగంగా పోయే చోటు కాదు అది, పులుల అభయారణ్యం, రాత్రి గేటు మూసేస్తారు, నేనూ నిదానంగానే పోయాను. మలుపులో తేడా తెలియడానికి నలభై వేగం చాలు. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే ఆ ముడుచుకున్న మలుపుల్లో ఇదివరకు స్టీరింగ్ తిప్పాక కారు ఒకసారి ఒరిగి, కుదురుకుని, అప్పుడు తిరిగేది. ఇప్పుడు తిప్పగానే తిరుగుతోంది. ఒక మలుపు నుంచి వెంటనే ఎదురు మలుపులోకి పోయే చోట మరీ హాయిగా ఉంది, ఎందుకంటే ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఊగే ఊపు చాలా తగ్గింది. ఘాట్‌లో ఎప్పుడూ కడుపులో తిప్పుతుందనే మా ఆవిడ ఈసారి నిమ్మకాయ బయటికి తీయలేదు. నాకు అంతకన్నా పెద్ద రివ్యూ అక్కర్లేదు.

నష్టాలు కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఒక చక్రమే గుంతలో పడినప్పుడు బార్ ఆ దెబ్బలో కొంత రెండో చక్రానికి మోస్తుంది. రోడ్డు అంచు తెగిపోయి ఉన్న ఊరి రోడ్ల మీద, సగం తారు సగం మట్టిలో పోతుంటే వెనక కూర్చున్నవాళ్ల తలలు అటూ ఇటూ ఊగుతాయి. బార్ గట్టిగా పనిచేసే లోపలి రంధ్రంలో పెట్టి కూడా చూశాను, మన రోడ్లకి అది వద్దు. ఇంకా పెద్ద విషయం, వెనక పట్టు. ముందు జారే కారు మనకి భయం తక్కువ, ఎందుకంటే యాక్సిలరేటర్ వదిలితే సర్దుకుంటుంది. వెనక గట్టిపడిన కారులో మలుపు మధ్యలో ఒక్కసారిగా కాలు తీస్తే, బరువు ముందుకి పోయి వెనక తేలికై పక్కకి జారే వీలుంది. తొలి వానకి నూనె, దుమ్ము కలిసిన తారు మీద ఇది నిజమైన ప్రమాదం. కోతల కాలంలో దేవరకొండ వైపు రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి, మలుపు తిరగగానే ఎడమ చక్రాలు వడ్ల మీదికి ఎక్కితే ఏ టైరుకీ పట్టు ఉండదు. ఈ బార్ వేసుకున్నవాళ్లు అలాంటి చోట మలుపుకి ముందే వేగం తగ్గించుకుని, మలుపులో కాలు నిలకడగా ఉంచే అలవాటు చేసుకోవాలి. వెనక టైర్లు ముందువాటికన్నా అరిగినవి ఉంటే ఈ పార్టు అస్సలు వేయొద్దు.

స్విఫ్ట్, ఐ20, పోలో లాంటి కార్లు ఉన్నవాళ్లకి ఇక్కడ రాసిన పని వర్తించదు. వాటికి వెనక రెండు చక్రాల్నీ కలిపే బీమ్ ఉంటుంది, ఆ బీమే మెలి తిరుగుతూ కొంతవరకు స్వే బార్ పని చేస్తుంది, అదనపు బార్‌ని దానికే బిగిస్తారు, లింక్ రాడ్లు ఉండవు.

కిట్టు మీద నా ఫిర్యాదు ఒక్కటే. లోహం, పెయింటు, బోల్టులు అన్నీ మొదటి తరగతివి, గ్రీజు ప్యాకెట్ మాత్రం ఒక్క బుష్‌కి కూడా చాలనంత చిన్నది. మన ఎర్రమట్టి దుమ్ము బుష్షుల్లోకి చేరితే ఉదయం బండి తీసేటప్పుడు వెనక నుంచి కీచుమని చప్పుడు మొదలవుతుంది, అప్పుడు బ్రాకెట్లు విప్పి తుడిచి మళ్లీ గ్రీజు పెట్టాలి. ఆర్డర్ పెట్టేటప్పుడే సిలికాన్ గ్రీజు ట్యూబ్ ఒకటి విడిగా తెప్పించుకోండి.